వెన్నుపాము గాయములు – నాడీ మూలకణములు

మన భాషలో వెన్నెముక లోపల నుండు నాడీరజ్జువునకు వెన్నుపాము అని పేరు. ఆ పేరు పెట్టినవారెవరో గాని చక్కగా పెట్టిరి. తల మెదడునకు ఆనించి, తోక నడుము పైభాగమున నుంచి, ఎముకల గూటిలో పడుకొన్న పామువలెనే అది యుండును. పెద్దవారిలో దాని పొడవు ఇంచుమించు 18 అంగుళములు, లావు చిటికెనవ్రేలంత. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నదను వార్త మెదడునకు చేరుటకును, ఆ ముల్లు తీయుటకు వంగుమను ఆజ్ఞ నడుమునకు దిగుటకును దారి ఇదియొక్కటే. మూత్రము ఎప్పుడు నిలుపవలెనో ఎప్పుడు విడువవలెనో తెలుపు వార్తలును ఈ దారినే నడచును.

ఈ రజ్జువు ఎచ్చట దెబ్బతినునో అచ్చటినుండి క్రిందిభాగము మెదడు ఏలుబడి తప్పిపోవును. రొమ్మునకు వెనుక దెబ్బతగిలిన కాళ్లు పడిపోవును. మెడలో తగిలిన చేతులును పోవును. ఇంకను పైన తగిలినచో ఊపిరి తీయుటయే దుర్లభమగును. వినువారు సాధారణముగా కాళ్ల సంగతియే తలతురు. కాని రోగిని అడిగి చూడుడు. అతడు కాళ్లకంటె ముందుగా మలమూత్రముల సంగతియు, ఒడలు పుండ్లుపడుటయు, రాత్రివేళ కాళ్లు బిగదీసికొనిపోవుటయు చెప్పును. నడచుట అతని కోరికలలో నొకటి మాత్రమే.

నేను నెల్లూరు సముద్రతీరమున వైద్యము చేయువాడను. కావలి మొదలు పులికాట్ సరస్సు వరకు గల గ్రామములలో ఈ ఆపద ఎవరికి వచ్చుచున్నదో చూచినంతమట్టుకు చెప్పెదను. మొదటివాడు తాటిచెట్టు ఎక్కువాడు. మోకు తెగియో, వానకు నానిన మాను మీద కాలు జారియో ముప్పది నలుబది అడుగుల ఎత్తునుండి పడును. ఇసుకనేల గదా, మెత్తన గదా యనుకొందురు. వెన్నుపూసకు ఆ మెత్తన తెలియదు. రెండవవాడు పట్టపువారి కుఱ్ఱవాడు. అలల పోటులో పడవను ఒడ్డునకు త్రోయుచుండగా దాని అంచు వచ్చి నడుమున తగులును. మూడవవాడు చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు జాతీయ రహదారి మీద మోటారుసైకిలు నడుపువాడు. నేడు నాయొద్దకు వచ్చువారిలో ఇతని సంఖ్యయే హెచ్చు.

నాలుగవవాడు పడినవాడు కాడు. నీళ్లు త్రాగినవాడు. తీరమునకు పడమటనున్న మెట్టప్రాంతమున కొన్ని బావుల నీటిలో ఫ్లోరైడు మితిమించి యున్నది. ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగినవారి పండ్లు గారపట్టుటయే గాక, ఎముకలు దిట్టపడి, వెన్నుపూసలు ఒకదానితో నొకటి అతుకుకొని, నడుమ నున్న దారి ఇరుకై, వెన్నుపాము నలిగిపోవును. మనుష్యుడు వంగలేడు, మెడ త్రిప్పలేడు, కొంతకాలమునకు కాళ్లు కొయ్యబారును. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునుండి షార్టు, పండిట్, రాఘవాచారి అను ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. మనుష్యులలో ఈ వ్యాధిని గూర్చి మనదేశమున వెలువడిన తొలి వ్రాతలలో నది యొకటి. పొదిలి, దర్శి తాలూకాలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి విడిపోయినవి. తరువాతి కాలమున హైదరాబాదులో శస్త్రవైద్యులు డాక్టరు డి. రాజారెడ్డిగారు ఈ రోగుల నాడీలక్షణములను దీర్ఘకాలము పరిశీలించి వ్రాసిరి.

ఈ నాలుగవవానిని ముందుగనే చెప్పి ప్రక్కకు పెట్టుచున్నాను. నేటి ప్రసంగమునకు విషయమైన చికిత్స అతనికి పనికివచ్చునది కాదు. నొక్కుచున్న ఎముకను తొలగింపక, మంచినీరు చూపక, నలిగిన చోట ఏ కణమును నాటినను అదియు నలిగిపోవును. అతనికి కావలసినది లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించని కుండెడు నీళ్లు. ఇక మిగిలిన ముగ్గురి మాట.

చేతిలో నరము తెగినచో శస్త్రవైద్యుడు కొసలు కలిపి కుట్టును. అది దినమునకు మిల్లీమీటరు చొప్పున పెరిగి, కొన్ని మాసములకు వ్రేళ్లలోనికి స్పర్శ మరలి వచ్చును. వెన్నుపాము మాత్రమట్లు పెరుగదు. స్పెయినుదేశపు శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ 1913–14 సంవత్సరములలో ప్రకటించిన మహాగ్రంథమున ఈ సంగతిని సూక్ష్మదర్శినితో చూచి వర్ణించెను: తెగిన నాడీతంతువులు మొదట కొంచెము మొలకెత్తును, పిదప ఆగిపోవును. మొలకెత్తు శక్తి లేకపోలేదు. ముందుకు సాగనిచ్చు నేల లేదు. ఇది ఊహ కాదు. 1981లో మాంట్రియల్ నగరమున అగుయాయో, డేవిడ్ అనువారు ఎలుకలలో కాలినరము ముక్కను తెచ్చి వంతెనవలె వెన్నుపామునకు అతికించగా, లోపలి తంతువులు ఆ ముక్కలోనికి చక్కగా పెరిగినవి. వెలుపలి నేల దొరకిన పెరుగును, లోపలి నేలలో పెరుగవు.

లోపలి నేల ఎందుకు చెడిపోవును? దెబ్బ తగిలిన క్షణమున చచ్చిన కణములు కొన్నియే. ఆ పిమ్మట గంటలలోను దినములలోను రక్తము కారి, వాపు వచ్చి, ప్రక్కనున్న మంచి కణములును చచ్చును. నిప్పంటుకొన్న ఇంటికంటె దాని ప్రక్కనున్న పూరిండ్లు ఎక్కువ కాలినట్లు ఈ రెండవ నష్టమే పెద్దది. కొన్ని వారములకు దెబ్బతగిలినచోట గట్టి మచ్చయు, కొందరిలో నీటిబుగ్గవంటి గుల్లయు నేర్పడును. నాడీతంతువులకు తొడుగు చుట్టెడి కణములు చచ్చిపోవుటచే, తెగక మిగిలిన తంతువులు సైతము వార్తలు మోయజాలవు. ఈ కడపటి మాట గుర్తుంచుకొనుడు. చాలమంది రోగులలో వెన్నుపాము పూర్తిగా తెగదు. అంచున కొన్ని పోగులు మిగిలియుండును. కణవైద్యమునకు ఆధారము ఆ పోగులే.

ఇట్టిచోట నాటదగిన కణము లున్నవా? పూర్వము లేవనియే తలచిరి. పెద్దవారి మెదడులో క్రొత్తనాడీకణములు పుట్టవని పాఠ్యగ్రంథములలో వ్రాసిరి. 1992లో కెనడాదేశమున కాల్గరీ నగరమందు రేనాల్డ్స్, వైస్ అను ఇరువురు పెద్ద ఎలుక మెదడునుండి కొన్ని కణములను తీసి గాజుపాత్రలో పెంచి, అవి తమవంటి కణములను మరల మరల పుట్టించుటయు, నాడీకణములుగ మారుటయు చూపిరి. ఇట్టి కణములనే నాడీమూలకణములందురు. మూలకణమనగా ఇంకను వృత్తి నిర్ణయింపబడని కణము. అది రెండు పనులు చేయును: తనవంటి దానిని కనును, తగిన వేళకు ఒక వృత్తిలో చేరును. నాడీమూలకణమునకు మూడు వృత్తులు గలవు. వార్త మోయు నాడీకణము కావచ్చును, తంతువులకు తొడుగు చుట్టెడి కణము కావచ్చును, లేక ఈ రెంటిని పోషించి కాపాడు నక్షత్రాకారకణము కావచ్చును.

ఈ కణములు మూడుచోట్లనుండి లభించును. గర్భస్రావమైన పిండపు వెన్నుపామునుండి తీయవచ్చును. 1998లో అమెరికాలో థామ్సన్ తొలిసారి మానవ పిండమూలకణములను పెంచెను. వాటిని నాడీజాతివిగా మలచవచ్చును. మూడవ దారి జపానుదేశపు యమనక చూపెను. 2006లో ఎలుకలోను, 2007లో మానవునిలోను, చర్మకణమునకు నాలుగు జన్యువులను చేర్చి దానిని వెనుకకు నడిపించి మూలకణముగా మార్చెను. 2012లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. పిండమును ముట్టనక్కరలేకపోవుటచే ధర్మసందేహము చాలవరకు తీరినది.

ఇక నాటిన కణము ఏమి చేయునని ఆశ? తీరమున ఉన్నవారికి త్రాటి ఉపమానము వెంటనే తోచును: తెగిన మోకును పురిపెట్టి అతికినట్లు వెన్నుపామును అతుకుదురు కాబోలునని. ఈ ఉపమానము మోసపుచ్చును. మోకులో ఏ పోగు ఏ పోగుతో కలిసినను బరువు మోయును. వెన్నుపాములో లక్షల పోగులున్నవి. ప్రతిపోగునకును చేరవలసిన ఇల్లు వేరు. కాలి బొటనవ్రేలికి పోవలసిన ఆజ్ఞ మూత్రాశయమునకు చేరిన ప్రయోజనమేమి? కావున శాస్త్రజ్ఞులు అతుకుటను ఆశింపరు. వారి ఆశ మూడు విధములు. పైనుండి వచ్చు తంతువు నాటిన నాడీకణముతో సంధి చేసికొని, ఆ కణము తన తంతువును క్రిందికి చాచి, టపామనుష్యులు సంచి చేతులు మార్చుకొన్నట్లు వార్త నందించుట ఒకటి. తొడుగుపోయిన తంతువులకు మరల తొడుగు చుట్టుట రెండవది. చావనున్న కణములకు పోషకద్రవ్యములు విడిచి ప్రాణము నిలుపుట మూడవది. జంతువులలో ఈ మూడును జరుగుటకు నిదర్శనములున్నవి. 2012లో సాన్ డియాగోలో టుజిన్‌స్కీ బృందమువారు ఎలుకలలోను, 2018లో కోతులలోను, నాటిన కణముల తంతువులు వెన్నుపాము వెంట చాలదూరము పెరుగుట చూపిరి.

ఎలుక నడచిన మనుష్యుడును నడచునా? మన దినపత్రికలు నడచునని ఎన్నోసార్లు శీర్షికలు వేసినవి. జరిగినదేమో క్రమముగా చెప్పెదను.

2010 అక్టోబరులో అమెరికాలో జెరాన్ అను కంపెనీ, పిండమూలకణములనుండి చేసిన తొడుగుకణములను మొదటి రోగికి నాటినది. ఐదుగురికి నాటిన పిమ్మట 2011లో ధనకారణమున ప్రయోగము మానినది. ఆ ఐదుగురిని పదేండ్లు పరిశీలించగా కణములవలన హాని కనబడలేదు. చెప్పుకోదగిన మేలును కనబడలేదు. 2011లోనే జూరిచ్ నగరమున స్టెమ్‌సెల్స్ అను మరియొక కంపెనీ పిండమునుండి తీసిన నాడీమూలకణములను నాటుట మొదలిడినది. కొందరికి రొమ్ముమీది స్పర్శ ఒకటి రెండు మెట్లు దిగి వచ్చినది. కాని మెడగాయముల మీద చేసిన రెండవ ప్రయోగమున ఫలితము చాలనందున 2016లో అదియు ఆగిపోయినది.

సాన్ డియాగో విశ్వవిద్యాలయమువారు నలుగురికి, గాయమై ఏడాదియు అంతకుమించియు గడచినవారికి, నాడీమూలకణములను సూదితో వెన్నుపాములోనే ప్రవేశపెట్టిరి. 2018లో మొదటి నివేదిక వెలువడినది. ఐదేండ్ల పరిశీలన 2024లో ప్రకటింపబడినది. కణములవలన పెద్ద హాని లేదు. ఇద్దరిలో కొంత నాడీసంబంధమైన మెరుగు నిలిచినది. అది పరీక్షలలో తెలియదగిన మెరుగే కాని, వారు లేచి నడచిరని ఎవ్వరును అనలేదు. నలుగురిని బట్టి ఇంతకుమించి పలుకరాదని ఆ వైద్యులే జాగ్రత్తపడిరి.

అన్నిటికంటె ఎక్కువగా ప్రపంచము చూచుచున్నది టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయమును. అచ్చట ఒకానో, నకమురా అను ఆచార్యులు యమనక పద్ధతిని చేసిన కణములనుండి నాడీమూలకణములను పెంచి, 2021 డిసెంబరులో మొదటి రోగికి నాటిరి. గాయమైన 14 మొదలు 28 దినముల లోపలివారికే నాటిరి. ఒక్కొక్కరికి ఇరువది లక్షల కణములు. వెన్నుపాము దెబ్బను అ నుండి ఐదు తరగతులుగ కొలుచు పద్ధతి యొకటి కలదు. మొదటి తరగతియనగా దెబ్బకు క్రింద కదలికయు స్పర్శయు బొత్తిగా లేమి. నలుగురును ఆ తరగతిలోనివారే. 2025 మార్చిలో ఫలితము చెప్పిరి: ఏడాది గడచునప్పటికి ఒకరు నాలుగవ తరగతికి చేరి, ఆసరా లేక నిలిచి నడక అభ్యసించుచున్నారు, మరియొకరు మూడవ తరగతికి చేరిరి, ఇరువురిలో చెప్పుకోదగిన మార్పు లేదు. నలుగురిలో ఎవరికిని కణములవలన తీవ్రమైన హాని కలుగలేదు.

ఇది వినిన నాకు సంతోషము కలిగినది. అయినను చేతివ్రేళ్లు మడిచి లెక్కింపవలసినదే. మొదటి తరగతి గాయములలో సైతము కొందరు, ఏ కణమును నాటకయే, మొదటి నెలలలో తమంతట కోలుకొందురు. కణములు నాటని మరికొందరిని ప్రక్కన నుంచి పోల్చినగాని ఆ ఒక్కరు కణమువలన లేచిరో, అదృష్టమువలన లేచిరో తెలియదు. ఇందులో పోల్పు లేదు. మొదటి ప్రయోగమునకు ప్రధానముగా కావలసినది ప్రమాదము లేదని చూపుట, అది చూపిరి.

ప్రమాదమా? ఉన్నది. పెరుగుటయే ధర్మముగా గల కణము ఎప్పుడు పెరుగుట మానవలెనో మరచినచో గడ్డ యగును. ముక్కులోని పొరనుండి తీసిన కణములను వెన్నుపాములో నాటించుకొన్న ఒక యువతికి ఎనిమిదేండ్ల పిమ్మట అచ్చట గడ్డ పెరిగి, దానిలో ముక్కుచీమిడివంటి ద్రవ్యము నిండి, శస్త్రచికిత్స చేయవలసివచ్చినదని 2014లో వైద్యులు వ్రాసిరి. పక్షవాతమునకై దేశములు తిరిగి మూలకణముల సూదులు వేయించుకొన్న మరియొకరికి వెన్నుపాములో పరాయి కణములతో గడ్డ పెరిగిన వృత్తాంతము 2016లో వెలువడినది. ఎనిమిదేండ్ల తరువాత వచ్చు కీడును ఆరు నెలలలో ఎవరును పసిగట్టలేరు.

ఈ సంగతులన్నియు నేను చదువుకొన్నవి. ఒకనాడు అవి నా ముంగిటికే వచ్చినవి. మైపాడు దాపున నొక గ్రామమునుండి ముసలి దంపతులును వారి అల్లుడును వచ్చిరి. కుమారుడు పదునొకండు నెలల క్రిందట తాటిచెట్టు మీదనుండి పడినాడు. రెండు కాళ్లును లేవు. ఒక పెద్దపట్టణపు చికిత్సాలయమునుండి మధ్యవర్తి వచ్చి రంగుల కాగితము ఇచ్చి పోయినాడట. ముసలాయన దానిని పంచెకొంగున మూటగట్టి తెచ్చెను.

"అయ్యా, ఎకరా డెబ్బై సెంట్లుండాది. అది అమ్మితే మూడు సూదులకి సరిపోద్దంటున్నారు. పిల్లోడు నడుస్తాడంటారా?"

నేను కాగితము చదివితిని. అందులో నాడీమూలకణము అను మాటయే లేదు. తుంటి ఎముకనుండి మజ్జ తీసి, ఆ దినమే కడిగి, వెన్నులోని నీటిలోనికి సూది వేయుదురట. మజ్జలోని మూలకణము రక్తమును పుట్టించును. అది నాడీకణమగునని నిరూపింపబడలేదు. జపానులో 2018లో మజ్జకణములతో చేసిన యొక మందునకు షరతులతో అనుమతి ఇచ్చిరి. చాలిన ఆధారములు లేవని లోకమునందలి శాస్త్రజ్ఞులనేకులు దానిని విమర్శించిరి. అదియైనను క్రొత్తగా గాయమైనవారికే. కెయో కణములును నెల లోపలివారికే. ఈ పిల్లవానికి పదునొకండు నెలలు.

"పెద్దాయనా, ఈ సూదితో నడిచినవారిని నేను చూడలేదు. పొలము అమ్మవద్దు" అంటిని. అల్లుడు తలయూచెను. తల్లి మాత్రము లేచి నిలుచుండి, "ఆళ్లు నడుస్తాడన్నారు. మీరు నడవడంటున్నారు. కన్నదాన్ని, నేనెవురి మాట ఇనాలయ్యా?" అని అడిగెను. పొలము అమ్మలేదని తరువాత తెలిసినది. ఆమె నా మాటను నేటికిని మన్నించినదని నేననుకొనను. ఆమె ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు గాని, ఆ యిరువురిలో ఎవరి మాట వినవలెనో పరీక్షించుకొనుటకు సాధనములున్నవి. వానిని చెప్పుటకే ఈ ప్రసంగము నొప్పుకొంటిని.

భారత వైద్యపరిశోధనా మండలి 2017లో మూలకణ పరిశోధనకు నియమములు ప్రకటించినది. రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు మజ్జమార్పిడి తప్ప, మూలకణములతో చేయు తక్కిన ప్రయత్నములన్నియు, అనుమతి పొందిన ప్రయోగములోనే జరుగవలెనని వాని సారాంశము. చికిత్సయని ప్రకటనలు వేసి అమ్మరాదు. ఒక చిన్నమాట: ఈ మండలికి మొదటి డైరెక్టరు సి. జి. పండిట్. 1937లో మన జిల్లా నీటిని గూర్చి వ్రాసిన ముగ్గురిలో నున్న పండిట్ ఆయనయే.

కావున ఎవరైనను సూది వేసెదమన్నప్పుడు మొదట అడుగవలసినది, ఇది ప్రయోగమా చికిత్సయా యని. ప్రయోగమైనచో భారత వైద్యప్రయోగముల పట్టికలో దాని సంఖ్య ఉండవలెను; 2007లో మొదలైన ఆ పట్టికను ఎవరైనను ఉచితముగ చూడవచ్చును, చదువుకొన్న పిల్లవాడు ఫోనులోనే చూచి చెప్పగలడు. నిజమైన ప్రయోగమున కణములకై రోగివద్ద సొమ్ము తీసికొనరు. ప్రయోగమువలన హాని కలిగినచో ఉచితవైద్యమును, పరిహారమును 2019నాటి నియమములు విధించినవి. సొమ్ము అడిగిరా, అది ప్రయోగము కాదు. చికిత్సయే యందురా, వెన్నుపామునకు అట్టి చికిత్స మనదేశమున అనుమతింపబడలేదు. ఈ రెండు మాటలలో నొకచోట మధ్యవర్తి తప్పక చిక్కును.

మూలకణముల పేరు చెప్పినంతనే మోసమని తలచుటయును సరికాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో 2001 మొదలుకొని, సున్నము, ఆమ్లము పడి కాలిన కంటికి మంచికంటి అంచునుండి మూలకణములను తీసి పెంచి నాటుచున్నారు. వందలమందికి చూపు వచ్చినది. అది సాధ్యమైనదెందుకన, కంటిపొర కణము కంటిపొరగనే పనిచేయవలెను. కొత్త వృత్తి నేర్వనక్కరలేదు, దూరపు ఇల్లు వెదకనక్కరలేదు, నాటిన చోటు వైద్యుని కంటికి ఎదుట నుండును. వెన్నుపామునందు ఈ మూడు సౌకర్యములలో ఒకటియు లేదు.

ఇక నేడు చేయదగినది. చెట్టు క్రింద పడియున్నవానిని చేతులు కాళ్లు పట్టి మోయుట మన గ్రామములలో అలవాటు. ఆటోలో కూర్చుండబెట్టుట మరియును చెడ్డ అలవాటు. విరిగిన పూస కదలి, సగము మిగిలిన పోగులను అప్పుడే కోసివేయును. తలుపురెక్కయో పడవపలకయో తెచ్చి, నలుగురు కూడి, ఒకరు తలను మెడను కదలనీయక పట్టుకొని, దుంగను దొర్లించినట్లు ఒక్కుమ్మడిగా ప్రక్కకు త్రిప్పి పలకమీదికి చేర్పవలెను. నీళ్లు త్రాగింపరాదు. 108 బండిని పిలువవలెను. పూస వెన్నుపామును నొక్కుచున్నచో మొదటి 24 గంటలలో శస్త్రచికిత్స చేయుట మేలని నేటి వైద్యుల అభిప్రాయము. ఆ ఒక్కదినమున కాపాడబడిన పోగులు, రేపటి ఏ కణము పుట్టింపగల పోగులకంటెను విలువైనవి.

మొదటి ప్రపంచయుద్ధమున వెన్నుపాము తెగిన సిపాయిలలో అధికసంఖ్యాకులు కొన్ని వారములలోనే చనిపోయిరి. వారిని చంపినది వెన్నుపాము కాదు. వీపు పుండ్లును, మూత్రపు చీమును. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆసుపత్రియందు గుట్‌మన్ అను వైద్యుడు రేయింబవళ్లు రెండుగంటల కొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పించి, మూత్రమును శుభ్రముగ తీయించి, వ్యాయామము చేయించి, ఈ రోగులు దీర్ఘకాలము బ్రతుకగలరని చూపెను. మనకు మరింత దగ్గరి ఉదాహరణము రాయవేలూరు. అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలలోని వైద్యురాలు మేరీ వర్గీస్ గారికి 1954లో మోటారుప్రమాదమున వెన్నుపాము తెగినది. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి; న్యూయార్కు పోయి పునరావాసవైద్యము నేర్చి వచ్చిరి. 1966లో బాగాయమున ఆమె నెలకొల్పిన కేంద్రము, రోగులను ఉంచుకొని పునరావాసవైద్యము చేయుటలో మనదేశమునకు మొదటిది. నెల్లూరు జిల్లా రోగులకు రాయవేలూరు పరాయి ఊరు కాదు. మా తాతలనాటినుండియు ఆ రైలు ఎక్కుచునే యున్నాము. ఆ బాగాయమునందే నేడు మూలకణ పరిశోధనాకేంద్రమును పనిచేయుచున్నది.

మైపాడు పిల్లవానిని అచ్చటికే పంపితిని. మూడు నెలలుండి వచ్చెను. కాళ్లు రాలేదు. చేతులతో ఊతమూని మంచముమీదనుండి కుర్చీలోనికి దిగుటయు, నాలుగుగంటల కొకసారి సన్నని గొట్టముతో తానే మూత్రము తీసికొనుటయు నేర్చెను. వీపుమీది పుండు మానినది. ఇందులో కణవైద్యమునకును పని కలదు. పుండ్లతో నున్నవానిని, కీళ్లు బిగిసిపోయినవానిని, మూత్రపిండములు చెడినవానిని ఏ ప్రయోగమునందును చేర్చుకొనరు. చాలకాలపు గాయములకు కణములు నాటు పద్ధతి ఒకనాడు నిలుకడకు వచ్చినచో, అది అందుకొనగలవాడు దేహమును ఆనాటివరకు కాపాడుకొన్నవాడే.

ఇండ్లలో ఇట్టివారిని కనిపెట్టుకొనియున్న తల్లులు, భార్యలు ఈ ప్రసంగము వినుచుండవచ్చును. పిరుదులు, మడమలు, తుంటి ఎముకలమీది చర్మము దినమునకు రెండుమార్లు దీపము వెలుతురులో చూడుడు. వ్రేలితో నొక్కి తీసినను తెల్లబడక ఎఱ్ఱగనే యున్న మచ్చ కనబడిన, ఆ ప్రక్కను పండుకొననీయక, అది మాయువరకు బరువు తీసివేయుడు. స్పర్శ లేనివానికి నొప్పి తెలియదు గావున వేడినీళ్ల సీసా దగ్గర పెట్టకుడు. మూత్రము మురికిగా మారి చలిజ్వరము వచ్చిన, ఆ రాత్రియే వైద్యునికి చూపుడు; తెల్లవారనిండని ఊరకుండకుడు. మెడయందుగాని రొమ్ము పైభాగమునగాని దెబ్బతినినవారికి హఠాత్తుగా తలనొప్పి పుట్టి ముఖము చెమర్చినచో, కూర్చుండబెట్టి, మూత్రపుగొట్టము మడతపడినదేమో మొదట చూడుడు; రక్తపుపోటు ప్రమాదకరముగ పెరిగియుండును. గొట్టము సరిచేసిన నిమిషములలో తగ్గును, తగ్గకున్న వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు.